పాలెంలో పుట్టిన ఒంగోలు పెయ్య

పశువుల్లో పిండ మార్పిడి మీద ముప్పయ్యేళ్లు పనిచేశాను. ఒక ఆవు కడుపులో పడ్డ పిండాన్ని ఏడో రోజున తీసి ఇంకో ఆవు కడుపులో పెట్టడం మా విద్య. ఆ రెండో ఆవును మా వ్యాసాల్లో ‘గ్రహీత’ అంటాం. దానికో నంబరు, బరువు, వయసు. అంతకుమించి దాని గురించి ఒక్క వాక్యం రాసిన పాపాన పోలేదు నేను.

పర్చూరు దగ్గర ఒక మిరప రైతుకు ముసలి ఒంగోలు ఆవు ఉండేది. తండ్రి నాటి నుంచి ఆ ఇంట్లో సాగుతున్న సంతతిలో మిగిలింది అదొక్కటే. చూలు కట్టినా నిలవడం లేదు.

“డాక్టరమ్మా, ఒక్క పెయ్య. అంతకన్నా ఏం అడగను. ఇది పోతే మా దొడ్డి బోసిపోద్ది,” అన్నాడు పెద్దాయన. నా మొహం చూడకుండా, ఆవు గంగడోలు నిమురుతూ అన్నాడు. కాదనలేకపోయాను.

దక్కింది ఒకే ఒక్క మంచి పిండం. దాన్ని పెట్టాలంటే ముసలిదానితో పాటు అదే రోజు ఎదకు వచ్చిన ఆవు కావాలి. మా కేంద్రంలో సిద్ధం చేసుకున్న ఆవులన్నీ ఆ వారం ఎదకు రాకుండా నన్ను వెక్కిరించాయి. చివరికి ఆ ఊరికి ఎడంగా ఉన్న దళితుల పాలెంలోనే, మిరప కోతలకు వెళ్లే ఒకావిడ ఇంట్లో దొరికింది ఎర్ర జెర్సీ ఆవు. పాలు ఆవిడవి, దూడ పెద్దాయనది అని ఒప్పందం. ఇద్దరి చేతా సంతకాలు పెట్టించి, పెద్ద ఘనకార్యం చేసినట్టు పొంగిపోయాను.

తొమ్మిది నెలలూ ఆవిడ ఆ ఆవును పురిటికొచ్చిన కూతురిలా చూసుకుంది. ఆదివారం ప్రార్థనలో దాని మాట కూడా చెప్పేదట. పెద్దాయన చొప్ప పంపేవాడు. తను మాత్రం పాలెం మొదట్లోనే ఆగి, “ఏమే, ఎట్టుంది?” అని అక్కడి నుంచే కేకేసేవాడు. ఆ వీధిలో ఆయన కాలు పెట్టగా ఎవరూ చూడలేదు.

పెయ్యే పుట్టింది, తెల్లగా, చెవులు వేలాడేసుకుని. ఎర్రావు దాన్ని నాకి నాకి ఆరబెట్టింది. నేను సిగ్గు లేకుండా ఏడ్చాను.

మూడో రోజు పొద్దున పెద్దాయన మనుషులు దూడను ఎత్తుకెళ్లారు. ఎన్నాళ్లకు తీసుకెళ్లాలో ఒప్పందంలో నేను రాస్తేగా! వాళ్ల వెంట నేనూ వెళ్లాను. ముసలి ఆవు తన బిడ్డను గుర్తుపడుతుందని నా మనసులో ఏదో మూల ఆశ. ఇంతకాలం ఈ పనే చేసిన మనిషికి ఉండాల్సిన ఆశేనా అది! ముసలిది దూడను వాసన చూసి మొహం తిప్పుకుంది. పొదుగు కింద దూరబోతే కాలు విదిలించింది. పాలెం వైపు నుంచి ఎర్రావు అరుపు వినిపిస్తూనే ఉంది.

సాయంత్రానికి ఆవిడ వచ్చి దొడ్డి బయటే నిలబడింది.

“అయ్యా, అది మేత ముట్టట్లేదండి, పాలు చేపట్లేదండి. పాలు పోతే పోయాయి గానీ, దాని ఏడుపు చూళ్లేకపోతున్నానండి.”

ఒప్పందం మాట ఆవిడ ఎత్తలేదు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పెద్దాయన వంగి, తనే దాన్ని భుజాన వేసుకున్నాడు. పాలెం మొదట్లో ఆగుతాడనుకున్నాను. ఆగలేదు. నేరుగా ఆవిడ వాకిట్లోకి పోయి దించాడు. ఎర్రావు దాన్ని తోక నుంచి తల దాకా నాకింది. చూస్తుండగానే పొదుగు నుంచి పాలు వాటంతటవే కారాయి.

“పాలు మరిచేదాకా ఇక్కడే ఉండనీ,” అని పెద్దాయన అరుగు మీద కూర్చున్నాడు. “అమ్మాయ్, జున్ను వండావా?”

ఆవిడ నా వంక చూసింది. ఊళ్లో ఏ ఇంట ఆవు ఈనినా జున్ను ఇరుగుపొరుగుకు పంచుతారు. పాలెం జున్ను మాత్రం ఊళ్లోకి ఎప్పుడూ పోలేదు. ఆవిడ కొంగుతో గిన్నె తుడిచి, జున్ను పెట్టి అందించింది. ఆయన తిని, బెల్లం సరిపోయిందన్నాడు. ఖాళీ గిన్నె మళ్లీ చాపాడు.

“మా ఇంటిదానిక్కూడా కాస్త పెట్టు.”

ఆవిడ మూత వేయబోతే వద్దన్నాడు. ఆ గిన్నె అలాగే చేత పట్టుకుని, నలుగురూ చూస్తుండగా నడివీధిలోంచి ఇంటికి పోయాడు. నా మందుల పెట్టె మోసుకుంటూ నేను ఆయన వెనకే నడిచాను.