పెట్టెలో అయ్యగారి చీటీ

ఆవిడ అసలు పేరు చర్చిలో సగం మందికి తెలియదు. బట్టలు కుట్టేది, మాట గుచ్చుకునేది కనుక అందరికీ సూదిపిన్నే. నాలుగో తరగతిలో బడి మానేసి కుట్టుమిషను ముందు కూర్చుంది, నలభై ఏళ్లయినా లేవలేదు. “నా చదువంతా చీటీల చదువే” అంటుంది. నిజమే. గుడ్డ ఇచ్చేవాళ్లు దానికో చీటీ గుచ్చి పోతారు. ‘మెడ కాస్త దించండి’, ‘చేతులు వదులుగా’, ‘బుధవారానికి కావాలి’. అవి చదివీ చదివీ, పేరు లేకపోయినా రాత చూసి మనిషిని చెప్పేస్తుంది.

ఈ విద్యతో చర్చిలో గొడవ పెట్టుకుంటానని మాత్రం ఆమె కలలో కూడా అనుకోలేదు.

చర్చి గుమ్మం పక్కన ఓ చెక్కపెట్టె ఉంది. కష్టమున్నవాళ్లు పేరు రాయకుండా చీటీ వేస్తే, బుధవారం సాయంత్రం అయ్యగారు, అంటే పాస్టరుగారు, దాన్ని పైకి చదివి ప్రార్థన చేస్తారు. ఒక్క చీటీ కూడా వదలకూడదని ఆయన పెట్టుకున్న నియమం. మధ్యాహ్నం చర్చి ఊడ్చి, ఆ చీటీలు తీసి బల్ల మీద పెట్టడం సూదిపిన్ని పని.

మొదట్లో జబ్బులూ పరీక్షలూ ఉద్యోగాలూ రాసేవాళ్లు. తర్వాత ఏ మహానుభావుడికి తట్టిందో, ‘అయ్యగారికి తక్కువ మాట్లాడే జ్ఞానం కలగాలి’ అని రాసి పడేశాడు. నియమం నియమమే కదా! ఆయన అదీ చదివారు, తల వంచారు, “ప్రభువా, తక్కువ మాట్లాడే జ్ఞానం ఇవ్వు” అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. అంతే, అందరికీ దారి దొరికింది. ఆయన భార్యనీ వదల్లేదు: ‘అమ్మగారికి నలుగురితో నవ్వే మనసు ఇవ్వు.’ ‘అయ్యగారి గొంతు వెనక్కి వినపడేలా చెయ్యి.’ వారం వారం ఆ మనిషి తన మీద పడ్డ రాళ్లు తానే ఏరి, తానే చదివి, ఆమెన్ చెప్పించుకునేవాడు.

ఆ బుధవారం పెట్టె బోర్లిస్తే ఒక చీటీ జారి చీపురు దగ్గర పడింది. పొదుపైన నిలువు రాత. ‘కాలర్ తిప్పి కుట్టండి’ అని ఏడాదికి రెండుసార్లు వచ్చే రాత. అరిగిన కాలర్ విప్పి, తిరగేసి కుట్టించుకోవడమే గానీ అయ్యగారు కొత్త చొక్కా ఎరగరు. ఆ రాతలోనే ఉంది: ‘ఒక సేవకుడు అలసిపోయాడు. ఈ ఆదివారంతో పరిచర్య మానేద్దామనుకుంటున్నాడు. అతని కోసం ప్రార్థించండి.’

ఆమె ఒళ్లు మండిపోయింది. మొదటి కోపం ఆయన మీదే. “నోరు పడిపోయిందా ఈయనకి? తన పెట్టెలో తానే వేసుకోవడమేంటి?” అని ఖాళీ బెంచీలను అడిగింది.

ఎవరికి చెప్తాడు మరి? ఆమె భర్త పోయినప్పుడు ఈయనే మూడు రోజులు మిషను పక్క స్టూలు మీద కూర్చున్నాడు, ఒక్క నీతివాక్యం చెప్పకుండా. ఆయన పక్కన ఎవరు కూర్చున్నారు?

మిగతా చీటీలు పరిచింది. పదకొండు. ఏడు ఆయన మీదే. అందులో ఒకటి చూసి ఆమె నాలుక కరుచుకుంది. అది తన రాతే.

సాయంత్రం అయ్యగారు చీటీల మీద చెయ్యి వేయబోతే ఆమె ముందే వేసింది.

“ఇవాళ నేను చదువుతానయ్యగారూ. మీరు కూర్చోండి.”

“అమ్మా, అది నా...”

“కూర్చోమన్నానా!”

ఆయన కూర్చున్నారు.

“‘అయ్యగారు మూడు నెలలుగా మా ఇంటికి రాలేదు. ఆయనకి బాధ్యత నేర్పు.’ ఇది నాదే. సిగ్గులేక రాశాను. నేను మాత్రం ఆయనింటి గుమ్మం తొక్కి ఎన్నాళ్లయిందో!” రెండోది తీసింది. “‘ప్రసంగం ముగించే తెలివి ఇవ్వు.’ హార్డ్‌వేర్ కొట్టు అన్నయ్యా, ‘పొట్ట దగ్గర వదులు పెట్టు’ అని నాకు రాసిందీ ఈ రాతే కదా?”

చర్చి పెద్ద అయిన ఆ కొట్టాయన ఎర్రబడి లేచాడు. “పేరు లేని చీటీలమ్మా అవి! ఇది పద్ధతేనా?”

“పేరు లేకుండా రాళ్లెయ్యడం పద్ధతా? నీ మేకులు వంకరని రోజూ ఎవడో నీ గోడ మీద రాసిపోతే ఊరుకుంటావా?”

“మేం ప్రార్థనే అడిగాం పిన్నీ, తిట్టలేదు కదా” అంది పాటలు నేర్పే టీచరమ్మ.

“కత్తికి తేనె రాస్తే కోత తగ్గుతుందా తల్లీ? నీ కూతురు ఆస్పత్రిలో ఉన్నప్పుడు వరండాలో నేల మీద కూర్చుని ప్రార్థించిందెవరు? ఆ రోజు వినపడిన గొంతు ఇప్పుడు వెనక బెంచీకి వినపడట్లేదా?”

టీచరమ్మ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సూదిపిన్ని గుప్పిట విప్పింది. “ఇంకొకటుంది. ఎవరి రాతో నాకు తెలీదు.” నలభై ఏళ్లలో రాత తెలియదని ఆమె అనడం అదే మొదటిసారి. “‘ఒక సేవకుడు అలసిపోయాడు.’ అంతే ఉంది.” మిగతాది మడిచేసింది. “దీనికి ఎవరు ప్రార్థన చేస్తారు? ఆయన మాత్రం చెయ్యడు. చెయ్యనివ్వను!”

అయ్యగారు రెండు చేతుల్లో మొహం దాచుకున్నారు. చివరికి కొట్టాయనే ముందుకొచ్చి, మోకాళ్లు పటపటమంటుంటే కింద కూర్చుని, “ప్రభువా, మేం...” అన్నాడు. అక్కడితో ఆగిపోయాడు. అయినా పక్కనే టీచరమ్మ కూర్చుంది. తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు.

ఆదివారం అయ్యగారు ప్రసంగం చేశారు, మానేసే మాట ఎత్తలేదు. అయినా సూదిపిన్నికి నిద్ర పట్టలేదు. ఏమో, ఇంకా చెప్పలేదేమో!

సోమవారం పొద్దున అమ్మగారు దుకాణానికి ఒక చొక్కా తెచ్చి ఇచ్చి వెళ్లారు. దానికి గుచ్చిన చీటీలో అదే పొదుపైన రాత: ‘కాలర్ తిప్పి కుట్టండి. వచ్చే ఆదివారానికి కావాలి.’

వచ్చే ఆదివారానికి! సూదిపిన్ని ఆ ముక్క రెండుసార్లు చదువుకుంది. వెంటనే మళ్లీ కోపం ముంచుకొచ్చింది.

“రెండువైపులా అరిగిపోయిన కాలర్! ఇంకేం మిగిలిందని తిప్పను దీన్ని, నా తలకాయా!” అని చొక్కాను పక్కకి విసిరేసి, బీరువాలోంచి కొత్త తెల్లగుడ్డ తీసి, కత్తెర అందుకుంది.