బరువు రెండో ముక్క మీద

పొడుగాటి ఇంగ్లీషు మాటలంటే జనం హడలిపోతారు గానీ, స్కేలు టీచరుకు అన్నం పెట్టినవి అవే. దర్జీ కొట్టు మీది గదిలో ఇరవై రెండేళ్లుగా, ఫోను ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకు ఉచ్చారణ నేర్పేది. మాటను బోర్డు మీద ముక్కలు చేసి, ఒత్తి పలకాల్సిన ముక్క దగ్గర బల్ల మీద స్కేలుతో ఒక్కటి వేసేది. అన్-ఫార్-చు-నెట్-లీ. ఐదు ముక్కలు, బరువు రెండోదాని మీద. తప్పు చెవిన పడితే అన్నం ముందు కూర్చున్నా సరే, దిద్దాల్సిందే. "మీ టీచరుతో పోట్లాడాలన్నా ముందు సాధన చేసుకోవాలి" అని భర్త నవ్వేవాడు.

ఆమె చేతికి చిక్కిన మొండిఘటాల్లో ఒకతి, ఆస్పత్రిలో ఫోన్లు చూసే అమ్మాయి. కిందటేడు నాలుగు నెలలు నేర్చుకున్నా, ఆ ఐదు ముక్కల మాటలో మొదటి ముక్కనే ఒత్తేది.

ఆ ఆస్పత్రిలోనే టీచరు భర్తకు గుండె ఆపరేషన్ అయింది. మూడో రోజు ఆయనే ఆమెను క్లాసుకు తరిమాడు. తనకు బాగానే ఉందని, పరీక్ష ముందు పిల్లల్ని గాలికొదిలెయ్యొద్దని. పదకొండింటికి, క్లాసు మధ్యలో ఫోను మోగింది. ఆ అమ్మాయే. అక్కడి నియమం ప్రకారం, చెప్పాల్సిన మాటలు రాసిన కార్డు చూస్తూ ఇంగ్లీషులో మొదలుపెట్టింది. మొదటి మాట అదే. ఐదు ముక్కలూ తేటగా, బరువు సరిగ్గా రెండోదాని మీద.

"ఇప్పుడు కుదిరింది. అలా పలకాలి," అంది టీచరు.

అవతల ఆ అమ్మాయి కార్డు చదవడం ఆపేసింది. ఏడుపు గొంతుతో తెలుగులో అంది: "టీచర్, సార్ పోయారు."

నెల దాటినా ఆ క్లాసు గది తాళం తియ్యలేదు. భర్త పోయిన దుఃఖం ఒక ఎత్తు, ఆ కబురు వింటూ తన నోట మెచ్చుకోలు రావడం మరో ఎత్తు. తోడుగా వచ్చిన చెల్లెలికి కూడా చెప్పుకోలేక కుమిలిపోయింది.

ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి ఇంటికొచ్చింది. మీకు కూడా కార్డు చదివి చెప్పానని తల దించుకుంది. ఇక ఆ ఉద్యోగం తన వల్ల కాదంది. టీచరు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది.

"కార్డు సంగతి వదిలెయ్. ఆ పొద్దున నువ్వు ఆయన గదికి వెళ్లావట కదా. ఏం జరిగిందో నీ మాటల్లో చెప్పమ్మా."

అమ్మాయి తడబడుతూ, ముందుది వెనకా వెనకది ముందూ చేసి చెప్పింది. తను పలకరించడానికి వెళ్లేసరికి ఆయనకు ఆయాసం మొదలైంది. ఇంటికి ఫోను చెయ్యమని నర్సు అంటే ఆయన వద్దన్నాడు.

"'మా ఆవిడ క్లాసులో ఉంటుంది, అయ్యాక చెప్పండి' అన్నారు, టీచర్. సార్ పోయాక, క్లాసు అయ్యేదాకా నేనే ఆగలేకపోయాను."

"ఆగకుండా మంచిపని చేశావు తల్లీ," అంటూ టీచరు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని బావురుమంది.