పన్నెండు ఆవులు, ఇరవై నాలుగు పేర్లు

మదనపల్లె కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పే నీరజ, ఏటా మొదటి పాఠానికి ముందు ఈ కథ చెప్పి తన పరువు తానే తీసుకుంటుంది.

2001లో ఆమె కుప్పంలో ఎం.ఫిల్. చేస్తోంది. పొద్దుటి పాలకన్నా సాయంత్రం పాలలో వెన్న ఎక్కువా అన్నది పరిశోధన. సొంతూరు పుంగనూరు పాలకేంద్రం రిజిస్టరులోంచి పాలు పొద్దున పోసే పన్నెండుమంది, సాయంత్రం పోసే పన్నెండుమంది పేర్లూ, వెన్న శాతాలూ రాసుకొచ్చింది. గైడు గోపాలస్వామి ప్రాణంలా చూసుకునే గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ ఇచ్చారు. రెండు వేరువేరు గుంపుల సగటులు పోల్చే టి-టెస్టు నొక్కితే తెర మీద డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, అంటే ఇరవై నాలుగులోంచి గుంపుకొకటి తీసేయగా మిగిలేది, ఇరవై రెండు అని పడింది. చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది. అంత ఖరీదైన యంత్రం చెప్పాక ఇంకేం అనుమానం! వైవా ఎల్లుండి. అది గట్టెక్కితేనే మదనపల్లె ఉద్యోగం.

పాలకేంద్రంలో వెన్న పరీక్షలు చేసే సిద్ధమ్మకు ఆ ఫలితం చెప్పి వద్దామని వెళ్లింది. సిద్ధమ్మ పడీపడీ నవ్వింది.

"తేడా లేదా? సాయంత్రం పాలు చిక్కగుంటాయని మా మనవరాలికి గూడా తెల్సు. యాడ సూసినావమ్మా?"

నీరజకు ఒళ్లు మండింది. జాబితా తీసి చదివింది: "పొద్దున శంకరప్ప ఆవు, సాయంత్రం వరలక్ష్మి ఆవు..."

"వాళ్లు మొగుడూ పెండ్లాం గదమ్మా! ఆ ఇంట్లో ఉండేది ఒకటే ఆవు. ఈడ అందరూ అంతే. పొద్దున పాలు మొగుని పేర, సాయంత్రానివి పెండ్లాం పేర రాస్తాము."

ఉన్నవి పన్నెండు ఆవులే. యంత్రానికేం తెలుసు పాపం, ఎక్కించినదాన్నే లెక్కగట్టింది. సిద్ధమ్మ పని ఆపి, ఏ మొగుడికి ఏ పెళ్లామో పన్నెండు జతలూ కలిపింది. నీరజ అక్కడే కూర్చుని ఒక్కో ఆవుకీ సాయంత్రం శాతంలోంచి పొద్దుటిది తీసేసి, ఆ పన్నెండు తేడాల మీద టెస్టు నొక్కింది. ఈసారి డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ తెర మీద రాలేదు. ఇప్పుడున్నది ఒకటే గుంపు కాబట్టి పన్నెండులోంచి ఒకటి తానే తీసేసుకోవాలి, పదకొండు. ఆవుకూ ఆవుకూ మధ్యనున్న తేడా అడ్డు తొలగగానే సాయంత్రం పాలదే గెలుపు, అనుమానం లేకుండా.

"పేర్లు ఇరవై నాలుగుంటే పదకొండెలా?" మార్చి రాసిన పేజీలు చూసి వైవాలో అడిగిన మొదటి ప్రశ్న అదే. నీరజ జరిగింది జరిగినట్టు చెప్పింది. పరీక్షకుడు నవ్వి సంతకం పెట్టాడు. థీసిస్ కృతజ్ఞతల పేజీలో గైడు పేరే ముందుండటం ఆనవాయితీ. గోపాలస్వామి తన పేరు కిందికి దించి, సిద్ధమ్మ పేరు పైన రాశారు.

నీరజ ఆ పేజీ చదివి వినిపిస్తూ కళ్లనీళ్లు పెట్టుకుంటే సిద్ధమ్మ కంగారుపడింది.

"నా పేరు యాల రాస్తివమ్మా? నువ్వడిగితివి, ఉండేది చెప్తిని."

"నేనడగలేదమ్మా," అంది నీరజ. "అడగాలని గూడా తెలీదు నాకు. అడక్కుండానే చెప్పినావు."