మిల్లు వాళ్లింట్లో దంపుడన్నం

2023లో నేను రామచంద్రపురంలో ఒక చిన్న ఆసుపత్రిలో డైటీషియన్‌ని. ఎవరు ఏం తినాలో, ఎంత తినాలో చెప్పడం నా పని. అప్పటికి మా బాబుకి ఎనిమిదో నెల. మండపేట నుంచి సత్యవతిగారు కోడలితో కలిసి వచ్చారు. వాళ్లది రైస్ మిల్లు. ఆవిడ మోకాళ్లు అరిగిపోయాయి. పది కిలోలు తగ్గితేనే ఆపరేషన్ చేస్తానని సర్జన్ తేల్చి చెప్పారట.

ఫోన్‌లో వీడియో చూసి ఆవిడ మూడు నెలలుగా ప్రోబయోటిక్స్, అంటే మేలు చేసే బాక్టీరియా ఉండే మాత్రలు, మింగుతున్నారు.

"సన్నబడేలా చేసే బాక్టీరియా అన్నారమ్మా. నా కడుపులోకొచ్చి అవి కూడా లావైపోయినట్టున్నాయి."

మన పేగుల్లో ఉండే సూక్ష్మజీవుల సమూహాన్ని గట్ మైక్రోబయోమ్ అంటాం. వాటికి ముఖ్యమైన తిండి మనకు అరగని పీచు. అది చాలినంత అందితే త్వరగా ఆకలి వేయదు. బరువుకి అదొక్కటే కారణం కాదు. కానీ ఆవిడ కంచంలో తెల్లగా పాలిష్ పట్టిన అన్నం, వేపుళ్లు తప్ప పీచన్నదే లేదు.

"తవుడు తీయని దంపుడు బియ్యం తినండి" అన్నాను.

"మిల్లు వాళ్లింట్లో తవుడన్నమా! తవుడు చేపల చెరువులకి వేస్తారమ్మా."

"అందుకే అవి అంత చురుగ్గా ఈదుతున్నాయండి."

ఆవిడ నవ్వి ఒప్పుకున్నారు. మర్నాటి నుంచే మూడు పూటలా దంపుడన్నం, ఉలవలు, ఆకుకూరలు అని చార్ట్ రాసిచ్చాను.

రెండు వారాలకి బరువు అర కిలో పెరిగింది.

"నాలుగో రోజే మానేశారండి. చుట్టాలొస్తే కుక్కర్ దాచేసేవారు" అంది కోడలు.

"నువ్వూరుకోవే! కడుపు డప్పులా ఉబ్బిపోయిందమ్మా. పదిమందిలో కూర్చోలేకపోయాను. ఆపరేషనూ వద్దు, ఆ అన్నమూ వద్దు."

ఆ సాయంత్రం బాబుకి మొదటిసారి కందిపప్పు పెట్టాను. ఒక్క చెంచా. మూడు రోజులు చూసి, ఏమీ కాకపోతేనే రెండో చెంచా. కొత్తది ఏది పెట్టినా నాకు అంత భయం. మరి అరవై ఏళ్లుగా తెల్లన్నానికి అలవాటు పడ్డ కడుపుని ఒక్కరోజులో మార్చేశానేంటి? పీచు ఒక్కసారిగా పెరిగితే బాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాస్ చేస్తాయి. ఇది నేను చదువుకున్న సంగతే.

మర్నాడు ఫోన్ చేసి, తప్పు నాదేనని చెప్పాను. మామూలు బియ్యంలో నానబెట్టిన దంపుడు బియ్యం ఒక్క గుప్పెడు కలపమన్నాను. కడుపు తేలిగ్గా ఉంటేనే వారానికో గుప్పెడు పెంచాలి. ఆ తర్వాతే కూర పెంచి, అన్నం తగ్గించాలి.

"గుప్పెడేనా? అయితే చుట్టాలకి కనపడదులే" అన్నారావిడ.

ఎనిమిది నెలలు పట్టింది. పది కిలోలు తగ్గాక సర్జన్ ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు.

ఇప్పుడు నేనిచ్చే ఏ చార్ట్‌లోనైనా మొదటి వారానికి ఒక్క మార్పే ఉంటుంది. "ఇంతేనా మేడం?" అని అడిగినా రెండోది రాయను.