తమ్మి పేరున్న కంప్యూటర్

దయ్యాల మాటెత్తితే ముందు నవ్వేది నేనే. మణుగూరు గనిలో రెండో షిఫ్టు చేసి అడవి దారిన సైకిల్ తొక్కేవాడికి భయపడే తీరిక ఎక్కడిది? ఇప్పటికీ నమ్ముతున్నానని అనను. జరిగింది చెప్తాను, అంతే.

మా కాలనీకి ఇంటర్నెట్ కొత్తగా వచ్చిన రోజులవి. క్వార్టర్లో నేనూ మా తమ్ముడూ ఉండేవాళ్లం. ముందు గదిలో నా కంప్యూటర్, వెనక గదిలో వాడిది. రెండింటికీ ఒకే ఇంటర్నెట్ డబ్బా, చెరో వైరు. ప్రతి కంప్యూటర్‌కూ ఒక పేరుండాలి కదా, వాడు తన దానికి 'తమ్మి' అని పెట్టుకున్నాడు.

"ఇంకేం పేరు పెట్టాల్నే? పొద్దుమాపు నువ్వు అరిసేది గదే గద" అన్నాడు.

ఆ వానాకాలం హై వోల్టేజీ వచ్చి వాడి కంప్యూటర్ కాలిపోయింది. పాత సామాన్లవాడికి వేసేశాం. కొన్నాళ్లకే వాడికి జ్వరం తగిలింది. దవాఖానాకు నడిచి వెళ్లినవాడు నడిచి రాలేదు.

దింపుడు కళ్లం దగ్గర పాడె దించి, చెవిలో పిలవమన్నారు. "తమ్మీ" అని మూడుసార్లు పిలిచాను. పెద్దలు ఇక చాలన్నారు. నాకు చాలలేదు.

ఆ తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. కంప్యూటర్ వేస్తే నెట్‌వర్క్‌లో రెండు పేర్లున్నాయి. నాదీ, తమ్మీ.

ఆఫీసులో కంప్యూటర్లు చూసే మల్లేశానికి ఫోన్ చేశాను.

"పాత పేర్లు గట్లనే మిగుల్తయ్ అన్నా. డబ్బా బంద్ జేసి మళ్ల పెట్టు, దాసుకున్న పేర్లు తుడిచెయ్. పింగ్ కొట్టి చూడు, బదులు రాదు" అన్నాడు.

పింగ్ అంటే పేరు పెట్టి పిలవడమే. ఆ కంప్యూటర్ ఉంటే పలుకుతుంది.

చెప్పినట్టే చేశాను. పేరు పోయింది. దాంతో ఇల్లు మరీ బోసిపోయింది, ఏడుపొచ్చింది. టీ పెట్టుకుని వచ్చేసరికి పేరు మళ్లీ అక్కడే ఉంది.

వెనక గదిలో వాడి వైరు కొస గోడకు ఊరికే వేలాడుతోంది. దాన్ని డబ్బాలోంచి కూడా పీకేశాను. ఇక మిగిలింది నా వైరొక్కటే. అప్పుడు పింగ్ కొట్టాను.

బదులొచ్చింది. వరసగా, ఒక్కటీ తప్పకుండా.

నా కంప్యూటరే పలికిందేమోనని, బదులిచ్చిన అడ్రస్ చూశాను. నాది కాదు, డబ్బాదీ కాదు. మళ్లీ ఫోన్ చేస్తే మల్లేశం పరుగున వచ్చి, తనూ పింగ్ కొట్టి చూశాడు.

"ఇంకోసారి తుడుద్దామా అన్నా?" అన్నాడు చివరికి. వద్దన్నాను.

చీకటి పడకముందే కరెంటు మళ్లీ పోయింది. వచ్చాక ఆ పేరు లేదు, మళ్లీ కనిపించనూ లేదు.

దింపుడు కళ్లం ఆశ శ్మశానం దారిలోనే వదిలిపోతుందంటారు. నన్ను వదల్లేదు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఇప్పటికీ ఒకసారి పిలుస్తాను.