పది ఆదివారాలు పెరగని మొక్క

బుధవారం. బట్టలు ఉతికి ఆరేశాను, కందిపప్పు ఎండబోశాను, రెండు అన్నం డబ్బాలు కట్టి పంపాను. అన్నం వారుస్తుంటే పక్కింటి అవ్వ పోయిందని తెలిసింది. ఆ రోజు పని అక్కడే ఆగింది.

మీకు ఆమె గురించి చెప్పాలంటే నా తప్పు కూడా చెప్పాలి. గౌడవెల్లిలో మా రెండిళ్ల మధ్య నడుమెత్తు గోడ. అవ్వ దాని మీదుగానే కరివేపాకు అందించేది, కబుర్లు చెప్పేది. మూడేళ్ల కింద నాకొక మామిడి మొక్క ఇచ్చింది. అదే వారం ఆమె మేక ఒక పిల్లను ఈనింది. ఏదైనా రాసిపెట్టుకోవడం నా అలవాటు. ఆదివారం ఆదివారం మొక్కకూ పిల్లకూ టేపు పెట్టి కొలిచేదాన్ని. మేకపిల్ల నిలబడేది కాదు. అవ్వ దాని చెవులు పట్టుకుని, "గౌను కుట్టిస్తవా ఏంది దీనికి?" అని నవ్వేది.

పిల్ల వారం వారం ఎదిగింది. మొక్క ఒక్కసారి రాగిరంగు ఆకులేసి ఆగిపోయింది. పది ఆదివారాలు అదే అంకె.

"ఇది బతకదు అవ్వా."

"మేకకు తొందర బిడ్డా, కుక్కలున్నయ్ గద. జల్దీ పెరుగుతది, ఏడాదిన్నరకు ఆగుతది. చెట్టుకేం తొందర? పైన ఆగితే కింద ఏర్లు వేస్తది. బతికినన్ని దినాలు పెరుగుతనే ఉంటది."

నేను అంకెనే నమ్మాను. ఒక పొద్దున మొక్కను పీకేశాను. కింద మూరెడు తెల్లటి లేత వేర్లు, సగానికి తెగి ఉన్నాయి. సాయంత్రం అవ్వ అడిగితే, "మీ మేక తినేసింది" అన్నాను. ఆమె గుంత వైపు చూసి ఇంట్లోకి వెళ్లింది. మూడో రోజు తల్లినీ పిల్లనూ మేడ్చల్ అంగడికి తోలుకపోయి అమ్మేసింది. "ఇగ నీ చెట్లకు పరేషాన్ లేదు" అంది. నిజం చెప్పాలని ఎన్నిసార్లు గోడ దాకా వెళ్లానో. కరివేపాకు తీసుకుని వెనక్కి వచ్చేదాన్ని.

అవ్వ పోయిన పదకొండో రోజు ఆమె బిడ్డకు అంతా చెప్పేశాను. ఆమె చేట పక్కన పెట్టింది.

"అమ్మకు ఎర్కేనక్కా. మేక తింటే మొదలు మిగుల్తది, గుంత ఎందుకుంటదన్నది."

"మరి ఎందుకమ్మింది?"

"నువ్వు అబద్ధమాడినవని అంటే మల్ల నీ మొకం గోడ కాడ కనబడదని, నమ్మినట్టే అమ్మింది. మేకలు మల్ల తెచ్చుకోవచ్చన్నది."

తెచ్చుకోలేదు. వాళ్ల వాకిట్లో గుంజకు మేక తాడు ఇంకా కట్టే ఉంది.

ఇంటికొచ్చి పుస్తకంలో రాశాను: అవ్వకు చెప్పాల్సిన మాట, ఆమె బిడ్డకు చెప్పాను. బాకీ తీరింది.