విజయక్క కలువల గుంట

మా చిన్నప్పుడు... కాలువలకు నీళ్ళు వదిలిన కొత్తలో ఒక ఆదివారం పొద్దున్నే, విజయక్క పెరట్లో గునపంతో గొయ్యి తవ్వడం మొదలుపెట్టింది. కలువలు పెంచుతుందట!

విజయక్క మా పెదనాన్న కూతురు. అవనిగడ్డ దగ్గర మా ఊళ్ళో రెండిళ్ళకూ పెరడు ఒక్కటే. పెదనాన్న పోయాక తనకి అన్నీ మా నాన్నే. తండ్రి లేని పిల్ల అని ఊరంతా జాలిపడేది... నాకు మాత్రం ఒళ్ళు మండేది. పొలం నుంచి రాగానే నాన్న ముందు అడిగేది "విజయ అన్నం తిందా?" అనే.

గుంట ఎలా చెయ్యాలో కూడా నాన్నే దగ్గరుండి చెప్పాడు. "గొయ్యిలో బంకమట్టి పోసి, నీళ్ళు చల్లి, మెత్తగా అయ్యేదాకా కాళ్ళతో తొక్కమ్మా. మడికి దమ్ము చేసినట్టే. అప్పుడు నీళ్ళు ఇంకవు."

అక్క పరికిణీ ఎగ్గట్టి రెండు పూటలా తొక్కింది. మురుగుకాలువలోంచి తెచ్చిన కలువ దుంపని ఓటి మూకుట్లో మట్టి పోసి నాటింది. మట్టి పైకి లేవకుండా గుప్పెడు ఇసుక కప్పి, మెల్లగా నీళ్ళలోకి దించింది. కాసిని చేదుపరిగ చేపపిల్లల్ని వదిలింది. కొన్నాళ్ళకి ఒక ఆకు పైకొచ్చి నీళ్ళ మీద పరుచుకుంది...

నాన్న కాళ్ళైనా కడుక్కోకుండా వెళ్ళి ఆ గుంట పక్కన గొంతుక్కూర్చునేవాడు. "చుక్క ఇంకలేదే తల్లీ! నాక్కూడా ఇంత బాగా కుదరదు" అనేవాడు. "తల్లీ" అని నన్ను కదా పిలవాల్సింది!

నేనూ తవ్వాను. కానీ తొక్కే ఓపిక నాకెక్కడిది... కొట్టుగదిలో యూరియా బస్తా లోపలి ప్లాస్టిక్ సంచి దొరికితే, కోసి అడుగున పరిచేశాను. కడగాలని తోచలేదు. నీళ్ళు నింపి నేనూ కాసిని చేపపిల్లల్ని వదిలాను. మర్నాటికి నా చేపలన్నీ వెల్లకిలా తేలాయి. ఆ తర్వాత నీళ్ళన్నీ పచ్చటి పాచి. నాన్న చూసి పకపకా నవ్వాడు. "యూరియా సంచి కడక్కుండానే వేశావా పిచ్చిమొహమా!" అని, అటు నుంచి అటే అక్క గుంట దగ్గరికి వెళ్ళాడు.

అక్కడే మండింది నాకు.

అక్క గుంటలో మొగ్గ కనపడిన రోజు, పెరట్లో ఎవరూ లేకుండా చూసి, ఇంకో సంచి తెచ్చాను. అడుగున మిగిలిన యూరియా అంతా ఆ నీళ్ళలో దులిపేశాను. ఖాళీ సంచి మడిచి మళ్ళీ కొట్టుగదిలో పెట్టేశాను.

మర్నాడు అక్క చేపలు తేలాయి. మొగ్గ కూడా కుళ్ళిపోయింది. అక్క వెక్కి వెక్కి ఏడ్చింది. నేను సంబరపడేలోపే నాన్న తన తల నిమురుతూ, "నీ తప్పేం లేదమ్మా, ఎండకి నీళ్ళు వేడెక్కిపోయాయి" అన్నాడు. నా చేపలు చస్తే నవ్విన మనిషి! ఆ ఓదార్పుకి కూడా కుళ్ళుకున్నాను...

సాయంత్రం అక్క వచ్చి నా పక్కన కూర్చుంది. "ఇద్దరికీ కలిసి రాలేదే చెల్లీ. ఈసారి ఒకటే గుంట తవ్వుదాం, ఇద్దరం కలిసి తొక్కుదాం" అంది. "నాకేం అక్కర్లేదు" అని లేచిపోయాను. ఆ తర్వాత మా పెరట్లో ఎవరూ గుంట తవ్వలేదు.

ఇప్పుడన్నీ రెడీమేడ్ టబ్బులే. దుంపలు కొరియర్లో వస్తున్నాయి, ఎవరూ బురదలో దిగక్కర్లేదు. అక్క గుడివాడలో ఇంటి ముందు తొట్టి కట్టించుకుంది. పూసిన ప్రతి పువ్వుకీ ఫొటో! బందర్లో మా బాల్కనీ టబ్బులో ఎండ చాలక ఆకులే తప్ప పువ్వు లేదు. ఆ ఫొటోలు చూస్తే నాకు ఇప్పటికీ కడుపుమంటే... దాచుకోవడం దేనికి?

నాన్న అదంతా ఎండ వల్లే అనుకుంటూనే కన్నుమూశాడు. అక్కకి ఇంతవరకూ చెప్పలేదు. కానీ అక్క ఈ గ్రూపులోనే ఉంది... నేను ఏం రాసినా అందరికంటే ముందు చదివేది తనే.

మీరు చిన్నప్పుడు ఎవరిని చూసి కుళ్ళుకున్నారో, ఏం చేశారో మీరూ రాయండి. కాకపోతే కాసేపు ఆగండి... మొదటి కామెంట్ మా అక్కని పెట్టనివ్వండి.